పాత ప్రెస్సు ప్రోగ్రాంలోంచి ఫాంట్ కన్వర్టర్‌ని విడదీస్తున్నాను: ప్రాజెక్టు డైరీ

1వ రోజు

విజయవాడలో ఒక పాత ప్రెస్సు. శతకాలు, పంచాంగాలు, స్కూలు గైడ్లు, శుభలేఖలు, ఏది తెస్తే అది వేస్తారు. పనంతా ఒకే ప్రోగ్రాం మీద నడుస్తోంది. విజువల్ బేసిక్ 6 (వీబీ 6) అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసింది. జాబ్ రిజిస్టర్ అందులోనే, బిల్లు అందులోనే, టైపు చేసిన మేటర్ దాచేది అందులోనే. పాత ఫాంటులో ఉన్న మేటర్‌ని ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ చదివే యూనికోడ్‌లోకి మార్చే బటన్ కూడా అందులోనే ఉంది.

ఓనరు గారు అడిగింది ఒక్కటే. పాత పుస్తకాలు ఈ-బుక్స్‌గా రావాలి, వెబ్‌సైటులో వెతికితే దొరకాలి. దానికి ప్రోగ్రాం మొత్తం అక్కర్లేదు, ఆ బటన్ వెనక ఉన్న పని చాలు. ఆ ఒక్క ముక్కనీ విడిగా తీసి, ఎవరు పిలిచినా పలికే కాంపొనెంట్‌గా చెయ్యాలి. బిల్లింగ్ జోలికి పోకూడదు, ప్రెస్సు ఒక్క పూట కూడా ఆగకూడదు.

కొత్తగా రాసేసుకోవచ్చు కదా అని ఒక ఫ్రెండ్ అన్నాడు. నాకు ధైర్యం చాలలేదు. ఆ బటన్ వెనక ఏళ్ల తరబడి ఆపరేటర్లు "ఇది తప్పొచ్చింది, ఇది సరిచెయ్యి" అని చెప్పి చేయించుకున్న దిద్దుబాట్లు ఉన్నాయి. అవి ఎక్కడా రాసి లేవు. ఉన్నది ఆ కోడ్‌లోనే.

ఈ పాత ఫాంట్ల సంగతి తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. యూనికోడ్‌లో తెలుగుకి 3072 నుంచి 3199 వరకు 128 గడులు ఉన్నాయి. క అంటే ఒక నంబరు, దీర్ఘం అంటే ఒక నంబరు. బొమ్మ ఎలా గీయాలో ఫాంటు చూసుకుంటుంది. కానీ విండోస్‌తో పాటు తెలుగు ఫాంటు గౌతమి వచ్చింది 2001లో, ఎక్స్‌పీతోనే. అంతకు ముందు డీటీపీ చేసినవాళ్లకి ఉన్నవి 256 గడులు మాత్రమే. ఇంగ్లీషు అక్షరాలు ఉండాల్సిన గడుల్లో తెలుగు ముక్కలు కూర్చారు: తలకట్టు, గుడి, కొమ్ము, వత్తులు, సగం అక్షరాలు. ఆపరేటర్ ఆ ముక్కలు పేర్చుకుంటూ పోతే కాగితం మీద తెలుగు కనిపిస్తుంది. కంప్యూటర్‌కి మాత్రం అది తెలుగని తెలియదు.

2వ రోజు

ప్రోగ్రాం సోర్స్ (రాసిన అసలు కోడ్) ఉన్న సీడీ దొరికింది. వర్చువల్ మెషీన్‌లో వీబీ 6 ఎక్కించి తెరిచాను. మెయిన్ ఫారంలో "కన్వర్ట్" బటన్ క్లిక్ ఈవెంట్ ఒక్కటే రెండు వేల లైన్లు దాటింది. పై నుంచి కింది దాకా స్క్రోల్ చేస్తుంటే చెయ్యి నొప్పి పుట్టింది.

అందులో ఏం కలిసిపోయి ఉన్నాయో కాగితం మీద రాసుకున్నాను. టెక్స్ట్‌బాక్స్‌లోంచి మేటర్ తీసుకోవడం. ప్రోగ్రెస్ బార్ కదపడం. ఫాంట్ పేరు ఒక గ్లోబల్ వేరియబుల్‌లోంచి చదవడం, అది బిల్లింగ్ ఫారంలో కూడా మారుతుంది. తెలియని అక్షరం వస్తే మెసేజ్ బాక్స్ వేసి ఆగిపోవడం. మొదటి లైను "ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్". అంటే ఎక్కడ తప్పు జరిగినా చప్పుడు చెయ్యకుండా తర్వాతి లైనుకి పోతుంది. వీటన్నిటి మధ్యలో, బియ్యంలో రాళ్లలా కలిసిపోయి, నాకు కావాల్సిన అసలు మార్పిడి.

5వ రోజు

కోతకి ముందు పాత ప్రోగ్రాం ఇప్పుడు ఏం చేస్తోందో పట్టుకోవాలి. ఏం చెయ్యాలి అన్నది తర్వాత సంగతి. ఈ రకం టెస్టులకి సాఫ్ట్‌వేర్ రచయిత మైకేల్ ఫెదర్స్ వాడిన పేరు క్యారెక్టరైజేషన్ టెస్ట్. పాత ప్రోగ్రాంకి ఒక ఫైలు ఇస్తాం, అది ఇచ్చిన జవాబుని తప్పొప్పులు చూడకుండా దాచుకుంటాం. కొత్త కోడ్ అదే ఫైలుకి అదే జవాబు ఇవ్వాలి.

ఫైళ్లు చేతికందినవి తీసుకోలేదు. ఒక శతకం, ఒక పంచాంగం, ఒక సైన్స్ గైడు, ఒక వారపత్రిక సంచిక, డజను శుభలేఖలు, ఇలా రకరకాలవి ఏరాను. పంచాంగంలో పొడి అక్షరాలు, గైడులో అంకెలూ గుర్తులూ, శుభలేఖల్లో ఒకే ముక్కగా గీసిన శ్రీ ఉంటాయి. ఒక్కో రకం మేటర్ ఫాంటులో ఒక్కో మూలని తడుముతుంది. మొత్తం 38 ఫైళ్లు అయ్యాయి. బటన్ నొక్కే పని ఒక చిన్న ఆటోహాట్‌కీ స్క్రిప్ట్‌కి అప్పజెప్పాను.

ఇక్కడే మొదటి దెబ్బ. సీడీలోని సోర్స్‌ని కంపైల్ చేస్తే (నడిచే ప్రోగ్రాంగా మారిస్తే) వచ్చిన ప్రోగ్రాంనీ, ప్రెస్సులో రోజూ వాడుతున్న ప్రోగ్రాంనీ అవే ఫైళ్ల మీద నడిపాను. 38లో 6 ఫైళ్లకి జవాబులు వేరుగా వచ్చాయి. అంటే నా చేతిలో ఉన్న సోర్స్, వాళ్లు వాడుతున్న ప్రోగ్రాం ఒకటి కావు. ఆ తర్వాత ఎవరో మార్చి కంపైల్ చేశారు, మార్చిన సోర్స్ సీడీకి ఎక్కలేదు. చాలా టెన్షన్ పడ్డాను. ఈ పోలిక చెయ్యకుండా సీడీని నమ్ముకుని దిగి ఉంటే నెల తర్వాత తెలిసేది.

6వ రోజు

డీటీపీ ఆపరేటర్ అక్కని అడిగాను. "అక్కా, ఈ ప్రోగ్రాంని చివరిసారి ఎవరు మార్చారు?" అంటే, "ఓ అబ్బాయి వచ్చి ఈ సిస్టం మీదే కూర్చుని చేసేవాడు బాబూ, నా డీ డ్రైవులో ఏమన్నా ఉందేమో చూడు" అంది. ఉంది. "న్యూ ఫోల్డర్ 2" అనే ఫోల్డర్లో కొత్త ఫారం ఫైలు. కంపైల్ చేశాను. 38కి 38 సరిపోయాయి. వెంటనే కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెట్టాను. ఈ ప్రోగ్రాం పుట్టాక మొదటి కమిట్ (అలా దాచిన మార్పు) ఇదే.

7వ రోజు

ఇంట్లో నా లాప్‌టాప్ మీద అదే ప్రోగ్రాం నడిపితే అంతా చెత్త వచ్చింది. గంటన్నర పోయాక దొరికింది. నా విండోస్‌లో "యూటీఎఫ్-8 వాడు" అనే బీటా టిక్ పెట్టి ఉంది. వీబీ 6 ఫైలు చదివేటప్పుడు బైట్లని సిస్టం కోడ్ పేజీ (ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టిక) ప్రకారం మారుస్తుంది. కోడ్ పేజీ మారితే ఫాంటు గడులన్నీ చెదిరిపోతాయి. నా కాంపొనెంట్ స్ట్రింగ్ (అక్షరాల వరస) తీసుకోదు, బైట్లే తీసుకుంటుందని అప్పుడే తీర్మానించుకున్నాను. ఏ మెషీన్ మీద నడిచినా, ఉదాహరణకి 173వ గడి అంటే 173వ గడి లాగే ఉండాలి.

9వ రోజు

ఈ రోజు గురించి వివరంగా రాయాలి.

కోడ్‌లో ఒక ముక్క రెండు రోజులుగా నన్ను ఆపుతోంది. ఒక గడిలో తొమ్మిది అంకెలా ఉన్న ఒక గుర్తు ఉంది. అది వస్తే కోడ్ వెనక్కి వెళ్లి, అప్పటికే రాసేసిన అక్షరం ముందు "ర్" చొప్పిస్తుంది. కామెంట్ లేదు. మా 38 ఫైళ్లలో అన్ని గడుల వాడకం లెక్కేశాను, ఈ గుర్తు ఒక్క శతకంలో తప్ప ఎక్కడా లేదు. అక్కడ కూడా పదుల సంఖ్యలోనే. ఎవరో తొమ్మిది కొట్టబోయి పొరపాటున ఇది కొట్టారని, దాన్ని సర్దడానికి ఇంకెవరో ఈ ముక్క రాశారని అనుకున్నాను. తీసేద్దామని చెయ్యి పెట్టాను కూడా.

ప్రెస్సులో ప్రూఫులు చూసే మాస్టారు ఉన్నారు. డీటీపీ రాకముందు సీసపు అక్షరాలు పేర్చిన కంపోజిటర్. తీసేసే ముందు ఒకసారి ఆయనకి ఆ శతకం ప్రింటు చూపించి, "మాస్టారూ, ఈ తొమ్మిది ఏమిటండీ?" అని అడిగాను.

ఆయన కళ్లజోడు సర్దుకుని చూసి, "తొమ్మిది కాదు నాయనా, వలపలగిలక" అన్నారు. ప్రూఫు కాగితం వెనక్కి తిప్పి రాసి చూపించారు. ముందు ధ, పక్కన మ, మ కి కుడివైపు ఆ గిలక, చివర సున్న. "ఇప్పుడు చదువు" అన్నారు. నేను తటపటాయించాను. "ధర్మం. గిలక మ పక్కన ఉన్నా ర పలికేది మ కి ముందు. వలపల అంటే కుడిపక్క. పాత పుస్తకాలన్నీ ఇలాగే ఉండేవి. మా కేసులో దీనికి ఒక గడి ఉండేది" అన్నారు. ఆ గడి ఎక్కడుండేదో గాలిలో చేత్తో చూపించారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆయన చెయ్యి నేరుగా అక్కడికే వెళ్లింది.

ఆ శతకాన్ని పాత ప్రతి ఎలా ఉంటే అలాగే వెయ్యాలని అప్పట్లో కవి గారి కుటుంబం అడిగిందట. అందుకే ఆ గుర్తు ఫాంటులోకి, ఆ ముక్క కోడ్‌లోకి వచ్చాయి. నేను తీసేసి ఉంటే ఈ-బుక్‌లో ధర్మం కాస్తా ధమం అయ్యేది. పూర్వం పూవం అయ్యేది. టెస్టులు పట్టుకునేవే, కానీ అప్పుడు నేను టెస్టునే అనుమానించేవాణ్ణి.

మాస్టారు రాసిన ఆ కాగితాన్ని ఫొటో తీసి, కోడ్ పక్కనే డాక్యుమెంట్లలో పెట్టాను. ఇకమీద అర్థం కాని ప్రతి ముక్కకీ ఒక చీటీ రాసి ప్రెస్సులో అడిగాకే ముట్టుకుంటాను.

సాయంత్రం అదే ముక్కలో ఒక తప్పు కూడా దొరికింది. కోడ్ వెనక్కి వెళ్లేది ఒక్క గుర్తే. మ లాంటి ఒంటి అక్షరానికి సరిపోతుంది. కానీ "ఊర్ధ్వ" అన్నచోట గిలక ముందున్నది ధ్వ. అక్కడ కోడ్ వ ముందు ర్ పెట్టి "ఊధ్ర్వ" చేస్తోంది. దిద్దాలని చెయ్యి దురద పెట్టింది, ఆపుకున్నాను. విడదీసేటప్పుడు తప్పుల్ని కూడా ఉన్నవి ఉన్నట్టే విడదీయాలి. విడదీయడం, దిద్దడం ఒకే కమిట్‌లో కలిపితే రేపు ఏదన్నా తేడా వస్తే దేనివల్ల వచ్చిందో తేల్చలేను. "తెలిసిన తప్పులు" అనే ఫైలులో రాసుకుని ముందుకు వెళ్లాను.

12వ రోజు

అసలు మార్పిడి వందల రీప్లేస్ లైన్లు. ఒక్కొక్కటీ మేటర్ మొత్తాన్ని మొదటి నుంచి చివరి దాకా వెతికి మారుస్తుంది. చదవడానికి వీలుగా ఉంటుందని వాటిని గడి నంబర్ల వరసలో సర్దాను. టెస్టులు నడిపితే 38లో 31 పడిపోయాయి.

కారణం అందరికీ తెలిసిన జబ్బే. వెబ్‌సైట్లలో "మొత్తం" ఉండాల్సిన చోట "వెుుత్తం" అనీ, "మోసం" బదులు "వెూసం" అనీ, "యొక్క" బదులు "యెుక్క" అనీ ఉండటం మీరు చూసే ఉంటారు. పాత ఫాంటులోంచి సరిగ్గా మారని మేటర్ అది. మా ఫాంటులో మ కి ప్రత్యేకంగా గడి లేదు. వ శరీరానికి కొమ్ము తోక తగిలిస్తే మ అవుతుంది. వు కి వేరే రకం కొమ్ము ఉంది కాబట్టి కాగితం మీద తికమక రాదు. మొ కావాలంటే వె, తోక, ఇంకో తోక. ఈ మూడు ముక్కల గుంపుని ముందు పట్టుకోవాలి, తర్వాత రెండు ముక్కల మె ని, ఆ తర్వాత ఒంటి వె ని. నేను సర్దిన వరసలో ఒంటి వె ముందుకొచ్చింది. అంతే, మొ లన్నీ ముక్కలైపోయాయి.

పాత ప్రోగ్రామర్ ఆ లైన్ల వరసలోనే ఈ జ్ఞానమంతా దాచాడు. ఎక్కడా రాయలేదు, వరసే దాని రాత. నేను దాన్ని బయటికి తెచ్చి ఒక నియమంగా రాశాను: ఎక్కువ ముక్కల గుంపుని ముందు చూడు, దొరక్కపోతేనే చిన్న గుంపు. ఇప్పుడు పట్టిక ఏ వరసలో ఉన్నా ఫలితం మారదు.

13వ రోజు

"స్త్రీ" అనే ఒక్క అక్షరం మీద ఈ పూటంతా గడిచింది. పాత ఫైలులో ముక్కలు కంటికి కనిపించే వరసలో ఉంటాయి: ముందు ఎడమ నుంచి మొదలయ్యే క్రావడి (ర వత్తు), తర్వాత గుడిదీర్ఘం పెట్టిన స, చివర తావత్తు. యూనికోడ్‌లో పలికే వరస కావాలి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆరు గుర్తులు. అంటే మొదట వచ్చిన క్రావడిని చేతిలో పట్టుకుని కూర్చోవాలి, అక్షరం పూర్తయ్యేదాకా వదలకూడదు. గుడిదీర్ఘాన్ని కూడా వత్తులన్నీ అయ్యాకే రాయాలి.

ఐత్వం ఇంకా చికాకు. అది పైన ఎత్వం, కింద ఇంకో ముక్క. కింద వత్తు కూడా ఉంటే ఆపరేటర్ వత్తు ముందు కొట్టొచ్చు, ఐత్వం కింది ముక్క ముందు కొట్టొచ్చు. అచ్చులో తేడా కనపడదు, కాబట్టి ఏది కొట్టినా చెల్లింది. ఒకే పుస్తకంలో రెండు రకాలూ ఉన్నాయి. మధ్యాహ్నం ముందు అక్క కొట్టినవి ఒక రకం, తర్వాత ఇంకో ఆపరేటర్ కొట్టినవి ఒక రకం అట. కాంపొనెంట్ రెండిటినీ ఒప్పుకోవాలి. బయటికి మాత్రం ఒకే రూపం ఇవ్వాలి. యూనికోడ్‌లో 3144 ఒక్కటే ఐత్వం, 3142, 3158 కలిపినా ఐత్వమే. రెండూ సమానమని ప్రమాణమే చెబుతుంది. నేను ఎప్పుడూ 3144 ఇస్తాను, లేకపోతే వెతుకులాటలో ఒకటి దొరికి ఒకటి దొరకదు.

16వ రోజు

ఇవాళ కోత. భాష మార్చకుండా, వీబీ 6లోనే చేశాను. బటన్ ఈవెంట్‌లోంచి మార్పిడిని ఒక విడి మాడ్యూల్‌లోకి తరలించాను. లోపలికి రెండే వెళ్తాయి: బైట్లు, ఏ ఫాంటు పట్టిక వాడాలో ఆ పేరు. బయటికి రెండే వస్తాయి: యూనికోడ్ మేటర్, అనుమానాల జాబితా. టెక్స్ట్‌బాక్స్ లేదు, ప్రోగ్రెస్ బార్ లేదు, గ్లోబల్ లేదు. మెసేజ్ బాక్స్ వేసే చోట్లన్నీ అనుమానాల జాబితాలో ఒక్కో లైనుగా మారాయి. ఆ బాక్సు వెయ్యాలా వద్దా అన్నది ఇప్పుడు ఫారం ఇష్టం.

గీత ఎక్కడ గియ్యాలన్నదే ఎక్కువ సమయం తిన్నది. ఉదాహరణకి "సాఫ్ట్‌వేర్". ఫాంటులో పొల్లు కనిపించేలా ఉన్న ట, దాని పక్కన వే. యూనికోడ్‌లో ఆ రెంటి మధ్య 8204 అనే కనపడని గుర్తు పెట్టకపోతే వే వచ్చి ట కింద వత్తుగా దూరి "సాఫ్ట్వేర్" అవుతుంది. అచ్చులో ఉన్నట్టు రావాలి కాబట్టి ఆ గుర్తు పెట్టడం కాంపొనెంట్ పనే. కానీ వెబ్‌సైటులో వెతికేవాళ్లు ఆ గుర్తు కొట్టరు. వెతుకులాట కోసం దాన్ని తీసెయ్యడం కూడా ఇందులోనే పెట్టమని వెబ్‌సైటు చేసే అబ్బాయి అడిగాడు. ఒప్పుకోలేదు. అది వెతుకులాట వైపు పని. అలాగే అకారాదిగా పేర్చే కోడ్ కూడా పాత ప్రోగ్రాంలో ఉంది, మంచిదే. ఈసారి దాన్ని ముట్టుకోను. ఒక్కొక్కరి అవసరం చొప్పున లోపలికి రానిస్తే మళ్లీ అదే రెండు వేల లైన్ల బటన్ తయారవుతుంది.

38కి 38.

18వ రోజు

కోత అయిన రెండు రోజులకే ఒక చేదు నిజం బయటపడింది. ఒక నవలలో "అన్నం" అన్నచోటల్లా కాకపోయినా చాలాచోట్ల "అనం" వస్తోంది. "కన్నతల్లి" "కనతల్లి" అయింది. మా ఫాంటులో నావత్తు ఉన్నది 173వ గడిలో. మామూలు విండోస్ లెక్కలో 173 అంటే సాఫ్ట్ హైఫన్, పదం విరిగినప్పుడు తప్ప కనపడని గీత. ఈ నవలలో కొన్ని అధ్యాయాలని ఎవరో ఒకప్పుడు వర్డ్‌లోకి కాపీ చేసి దిద్ది, మళ్లీ ఇటు కాపీ చేశారు. ఆ రాకపోకల్లో 173లు రాలిపోయాయి.

పాత ప్రోగ్రాంకి ఇది తెలిసే అవకాశమే లేదు, లేని గుర్తుని ఎలా చూస్తుంది? నిఘంటువు పెట్టి ఊహించి పూరించొచ్చు. కానీ "కన" కూడా మాటే, "కన్న" కూడా మాటే. రచయిత ఏది రాశాడో ఊహించే హక్కు నా కోడ్‌కి లేదు. ఒక ఫైలులో 173 మామూలుగా రావాల్సిన దానికన్నా బాగా తక్కువగా ఉంటే, ఆ ఫైలుని మనిషి చూడాలని జాబితాలో ఒక లైను వేస్తాను. అంతవరకే.

20వ రోజు

రెండో అడుగు. వీబీ 6 మాడ్యూల్‌ని వెబ్‌సైటు సర్వర్ పిలిచే వీలు లేదు కాబట్టి సీ భాషలోకి తిరగరాశాను, డీఎల్‌ఎల్‌గా (వేరే ప్రోగ్రాంలు పిలుచుకునే ఫైలుగా). పట్టికని కోడ్‌లోంచి పూర్తిగా తీసేసి విడి టెక్స్ట్ ఫైలు చేశాను. ఒక్కో గడికి ఒక్కో లైను: నంబరు, అది అక్షరమా గుణింతమా వత్తా, యూనికోడ్‌లో ఏమిటి. ఇప్పుడు ఆ పట్టికని అక్క కూడా తెరిచి చదవగలదు. చదివి రెండు తప్పులు చూపించింది కూడా.

21వ రోజు

వీబీ 6 నుంచి డీఎల్‌ఎల్‌ని పిలిచాను. తిరిగొచ్చింది మొత్తం ప్రశ్నార్థకాలు.

ఒకటి కాదు, రెండు కారణాలు కలిశాయి. వీబీ 6 లోపల స్ట్రింగులు యూనికోడ్‌లోనే ఉంటాయి. కానీ "డిక్లేర్" చేసి బయటి ఫంక్షన్‌ని పిలిస్తే దారిలో వాటిని పాత కోడ్ పేజీలోకి మార్చేస్తుంది. ఆ పేజీలో తెలుగు లేదు, కాబట్టి ప్రతి అక్షరమూ ప్రశ్నార్థకం. స్ట్రింగ్ బదులు దాని అడ్రసు ఇచ్చాను, ఆ మార్పు ఆగింది. అయినా స్క్రీన్ మీద ప్రశ్నార్థకాలే. ఈసారి తప్పు టెక్స్ట్‌బాక్స్‌ది. వీబీ 6 మామూలు టెక్స్ట్‌బాక్స్‌కి యూనికోడ్ చూపించడం రాదు. మేటర్ సరిగ్గానే ఉంది, చూపించే అద్దమే మసక. ఫైలులో రాయించి చూస్తే నిక్షేపంగా ఉంది.

ఇంకో చిన్న సంగతి: వీబీ 6 ప్రోగ్రాం 32 బిట్లది, సర్వర్‌లో దీన్ని పిలిచే పైథాన్ (ఇంకో ప్రోగ్రామింగ్ భాష) 64 బిట్లది. ఒక డీఎల్‌ఎల్ రెండింటికీ చెల్లదు. అదే సోర్స్‌ని రెండుసార్లు బిల్డ్ చేస్తున్నాను.

24వ రోజు

ప్రెస్సులో రోజూ వాడే ప్రోగ్రాంలో కన్వర్ట్ బటన్ ఇప్పుడు కొత్త డీఎల్‌ఎల్‌ని కూడా పిలుస్తోంది. పాత మాడ్యూల్ కూడా పక్కనే ఉంది. ఒక వారం పాటు రెండూ నడుస్తాయి, జవాబులు తేడా వస్తే లాగ్‌లో రాస్తుంది, వాడుకునేది మాత్రం పాతదాని జవాబే. అక్కకి ఏ తేడా తెలియదు, తెలియకూడదు కూడా.

మా ఊరి చెరువుగట్టు మీద ఒక తాటిచెట్టు ఉండేది. పక్షి వేసిన గింజ మట్టల సందులో మొలిచి మర్రి అయింది. వేళ్లు తాటి చుట్టూ దిగి, ఏళ్లు గడిచేసరికి తాటి ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది. పాత సాఫ్ట్‌వేర్‌ని కొంచెం కొంచెంగా కమ్ముకునే ఈ పద్ధతికి ఇంకో సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ 2004లో స్ట్రాంగ్లర్ (గొంతు నులిమేది) అని పేరు పెట్టింది ఇలాంటి మర్రిజాతి చెట్లని బట్టే. ఆయన చూసింది ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో. నేను మాత్రం తాటిని చంపే ఉద్దేశంతో లేను. బిల్లింగ్ బాగానే నడుస్తోంది, దాన్ని అలాగే నడవనిస్తాను.

29వ రోజు

వారంలో లాగ్‌లో పడినవి నాలుగు తేడాలు. మూడు పాత మాడ్యూల్‌వి: పెద్ద ఫైలు మధ్యలో ఎర్రర్ వచ్చి, "ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్" అన్న ఆ మొదటి లైను పుణ్యమా అని మాట్లాడకుండా ఒక పేరా వదిలేసింది. ఎన్నాళ్లుగా ఇలా పేరాలు పోతున్నాయో తలుచుకుంటే బాధేసింది. నాలుగోది నా తప్పు, శుభలేఖలో ఒంటి ముక్క శ్రీ తర్వాత కామా వస్తే మింగేస్తోంది. దిద్దాను, ఆ శుభలేఖ 39వ టెస్టు అయింది.

పాత మాడ్యూల్‌ని ఇవాళ తీసేశాను. తెలిసిన తప్పుల ఫైలు తెరిచి, విడి కమిట్‌లో "ఊర్ధ్వ"ని దిద్దాను. గిలక ఇప్పుడు ఒక గుర్తు కాకుండా అక్షరం మొత్తం వెనక్కి వెళ్తుంది. దాచుకున్న పాత జవాబుని మొదటిసారి నా చేత్తో మార్చాను, పక్కన మాస్టారి కాగితం నంబరు రాశాను.

33వ రోజు

వేరే ఊళ్లో ఇంకో ప్రెస్సు వాళ్లు, వేరే ఫాంటు వాడేవాళ్లు, మాకూ ఇస్తారా అని అడిగారు. నేను ఎదురుచూస్తున్నది ఇదే. ఒకే చోట వాడుతున్నంతకాలం దీన్ని పునర్వినియోగం అనడానికి నాకు మనసొప్పదు. కొత్త పట్టిక రాయడానికి ఒక రోజు పట్టింది. నడిపాను. "ప్రభువు" "పభ్రువు" అయింది.

వాళ్ల ఫాంటులో క్రావడి అక్షరం తర్వాత వస్తుంది. నా ఇంజను మాత్రం క్రావడి ఎప్పుడూ ముందే వస్తుందని నమ్మింది, అందుకే ప కింది క్రావడిని పక్కనున్న భ కి అప్పజెప్పింది. పట్టిక బయటికి తీశాను కదా అన్న తృప్తిలో, ఈ ఫాంటు అలవాటొకటి ఇంజనులోనే ఉండిపోయిందని గమనించలేదు. పట్టికలో ఇంకో గడి చేర్చాను: ముందు, తర్వాత. ఇంజనులోంచి పన్నెండు లైన్లు పోయాయి. ఈసారి మన 39, వాళ్ల 15, అన్నీ పాసై పచ్చగా వచ్చాయి.

36వ రోజు

శతకం ఈ-బుక్ తయారైంది. వెబ్‌సైటు టెస్ట్ పేజీలో అక్క "ధర్మ" అని కొట్టింది. గిలకతో అచ్చయిన పద్యాలు కూడా వరసగా వచ్చాయి. మాస్టారిని పిలిచి చూపించింది. ఆయన ఒక్కో పద్యం పెదవులు కదుపుతూ చదివి, మూడోదాంట్లో ఒక అరసున్న పోయిందని వేలు పెట్టి చూపించారు. నిజమే, ఆ పద్యంలో అరసున్న ఫాంటులో వేరే గడిలోంచి కొట్టారు. పట్టికలో ఒక లైను చేర్చాను. 40వ టెస్టు.

ఇక మిగిలింది నవల. రాలిపోయిన నావత్తులు ఉన్నట్టు అనుమానం వచ్చిన అధ్యాయాలు ఏడు. అచ్చు పుస్తకం ఒక్క ప్రతే ఉంది, ఓనరు గారి బీరువాలోంచి తీసిచ్చారు. మాస్టారు పుస్తకం చదువుతుంటే నేను స్క్రీన్ మీద దిద్దుతున్నాను. సాయంత్రానికి రెండు అధ్యాయాలు అయ్యాయి. రేపు పదిన్నరకి 112వ పేజీ నుంచి.